సుషి తినడానికి ఫోర్కు అక్కర్లేదు

పోయిన ఏడాది పూర్వ విద్యార్థుల సమావేశంలో ఒక ప్రతిపాదన వచ్చింది. హాస్టల్లో చదువు ముగించుకుని వెళ్ళే పిల్లల్ని ఏటా ఒకరోజు హైదరాబాదు తీసుకెళ్ళి, పెద్ద హోటల్లో భోజనం పెట్టించాలని, అందులోనూ ఈ మధ్య బాగా పేరు వినబడుతున్న జపాన్ రెస్టారెంటు అయితే మరీ మంచిదని. "మన పిల్లలు రేపు కంపెనీల్లో పెద్దపెద్ద వాళ్ళ పక్కన కూర్చోవాలి. కత్తీ ఫోర్కూ పట్టుకోవడం, పుల్లలతో తినడం తెలియకపోతే నలుగురిలో నవ్వులపాలవుతారు" అన్నది ఆ అన్నల వాదన. చప్పట్లు కూడా బాగానే మోగాయి.

ప్రతిపాదన పెట్టినవారి మనసు మంచిదే. పిల్లలకు మంచి భోజనం పెడతామంటే వద్దనేవాళ్ళం కాదు మేము. కాని ఇదే హాస్టల్లో చదివి, ఉద్యోగాల మీద జపాన్ వెళ్ళి, అక్కడ కొన్నేళ్ళు ఉండి, ఆ సుషీలూ రామెన్లూ వాటి సొంత ఊళ్ళల్లోనే తిని వచ్చినవాళ్ళం. అందుకని ఆ ప్రతిపాదన వెనకున్న ఆలోచన మాకు మింగుడు పడలేదు. పెద్దవాళ్ళ తిండి తినడం నేర్చుకుంటేనే పెద్దవాళ్ళం అవుతామన్న ఆలోచన అది. సంపాదకవర్గం వారు చోటిచ్చారు కాబట్టి మా మాట ఇక్కడ రాస్తున్నాం.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! మన ఇళ్ళల్లో హోటలు అన్న మాటకు ఉన్న అర్థం వేరు. మన తాతలకు హోటలంటే బయట నిలబడి టీ తాగే చోటు. విడిగా పెట్టిన గ్లాసు తామే తీసుకుని, తాగి, తామే కడిగి పెట్టి రావాలి. నాన్నల నాటికి లోపల కూర్చోగలిగారు గాని, ఊళ్ళో కాదు, మండలానికో జిల్లా కేంద్రానికో పోయినప్పుడు. మనకి హోటలంటే జేబులో డబ్బులు లెక్కపెట్టుకుని, గోడ మీద రేట్లు చదువుకుని, ఇడ్లీ ఒక్కటే చెప్పే చోటు. ఆ వెనుకటి కథంతా మన కాళ్ళలో ఉంటుంది. ఏసీ హోటలు అద్దాల తలుపు ముందు కాలు ఆగేది అందుకే. దానికి మందు అంతకంటే పెద్ద అద్దాల తలుపు చూపించడమేనా అన్నది మా ప్రశ్న.

హైదరాబాదులో జపాన్ భోజనమంటే మసక దీపాలు, నల్లటి పళ్ళేలు, కూలీ రోజు కూలి మింగేసే ఒక్క గిన్నె సూపు. అది చూసి జపాన్ వాళ్ళంతా అలాగే తింటారనుకుంటే పొరపాటు. ఇక్కడ గొప్పవాళ్ళ తిండిగా చలామణీ అవుతున్న ఈ రెండూ, సుషి, రామెన్, పుట్టింది కూలీనాలీ జనం కోసం. ఇది మా అభిమానం కొద్దీ అంటున్న మాట కాదు, చరిత్ర.

సుషి సంగతి ముందు. చాలామంది సుషి అంటే పచ్చి చేప అనుకుంటారు. కాదు. వెనిగరు, ఉప్పు, కాస్త చక్కెర కలిపిన పుల్లటి అన్నం పేరు అది. అన్నం లేకుండా చేప ముక్కలు మాత్రమే పెడితే దాన్ని సాషిమి అంటారు. మొదట్లో అయితే వెనిగరు కూడా లేదు. చేపకు ఉప్పు పట్టించి, అన్నంలో పెట్టి, నెలల తరబడి పులియబెట్టేవాళ్ళు. చేప పాడవకుండా ఉండడానికి చేసిన ఉపాయం అది, మనం చేపల్ని ఎండబెట్టుకున్నట్టు. షిగా ప్రాంతంలో బివా సరస్సు పక్కన ఈనాటికీ ఆ రకం చేస్తారు, ఫునాజుషి అంటారు. మాలో ఒకరు ధైర్యం చేసి తిన్నారు. మూడు రోజుల చద్దన్నంలో ఎండుచేప కలిపిన వాసన వచ్చిందని, ఊరు గుర్తొచ్చిందని చెప్పారు. మిగతావాళ్ళం ఆ మాటతోనే తృప్తి పడ్డాం.

ఇప్పుడు మనం ఫోటోల్లో చూసే సుషి, అంటే వేళ్ళతో ఒత్తిన అన్నం ముద్ద మీద చేప ముక్క పెట్టేది, 1820ల ప్రాంతంలో ఎదో నగరంలో వచ్చింది. ఎదో అంటే నేటి టోక్యో. హనాయా యోహే అనే ఆయన పేరు చెబుతారు. అప్పుడు ఎదో నిండా పొట్ట చేతబట్టుకుని వచ్చిన మగవాళ్ళే. వడ్రంగులు, మోతగాళ్ళు, చిల్లర వ్యాపారులు. వండిపెట్టేవాళ్ళు లేరు. వాళ్ళ కోసం వీధుల్లో బండ్లు వెలిశాయి, మన మిర్చి బజ్జీ బండ్ల లాంటివి. నిలబడి ఒకటి రెండు ముద్దలు నోట్లో వేసుకుని పనికి పోయేవాళ్ళు. ఆనాటి ముద్ద ఇప్పటి దానికన్నా చాలా పెద్దది. రెండు తింటే కడుపు నిండాలి కదా! 1923లో పెద్ద భూకంపం వచ్చి టోక్యో తగలబడిపోయినప్పుడు అక్కడి సుషి పనివాళ్ళు సొంత ఊళ్ళకు చెదిరిపోయారు. దేశమంతా ఈ తిండి పాకడానికి అదీ ఒక కారణం.

ఇంకో ముచ్చట. ఈ రోజు సుషిలో అన్నింటికన్నా ఖరీదైన ముక్క ట్యూనా చేప కడుపు భాగం, తోరో అంటారు. బాగా కొవ్వుగా ఉంటుంది. ఒకప్పుడు దాన్ని పిల్లి కూడా ముట్టదని పారేసేవాళ్ళు. అదే చేప 2019 కొత్త సంవత్సరం వేలంలో, టోక్యో టొయోసు మార్కెట్లో, 278 కిలోలది ఒకటి 33 కోట్ల 36 లక్షల యెన్లకు పోయింది. పారేసినప్పుడూ అదే చేప, వేలంలోనూ అదే చేప. మధ్యలో మారింది తినేవాళ్ళ లెక్క. మన ఇళ్ళల్లో తిన్నన్నాళ్ళు జొన్నరొట్టె, రాగిసంకటి పేదల కూడు, పంచతార హోటలు మెనూలోకి ఎక్కాక ఆరోగ్య ఆహారం అయిన కథ మనకు తెలిసిందే కదా.

తిరిగే సుషి గురించి వినే ఉంటారు. కౌంటరు చుట్టూ బెల్టు మీద పళ్ళేలు తిరుగుతుంటాయి. కావలసింది తీసుకుని తినడం, చివర పళ్ళేలు లెక్కపెట్టి డబ్బు కట్టడం. శిరైషి యోషియాకి అనే ఒక చిన్న హోటలు యజమాని బీరు ఫ్యాక్టరీలో సీసాలు బెల్టు మీద పోవడం చూసి, 1958లో ఒసాకా పక్కన ఇలాంటి కొట్టు మొదటిది తెరిచాడు. చుట్టుపక్కల చిన్న చిన్న కార్ఖానాల్లో పనిచేసేవాళ్ళు ఆయన గిరాకీ. తక్కువ డబ్బుకు సుషి పెట్టాలి, పనివాళ్ళను ఎక్కువమందిని పెట్టుకోలేడు, ఆ ఇబ్బందిలోంచి పుట్టింది బెల్టు. 1970లో ఒసాకా ప్రపంచ ప్రదర్శనలో జనం చూశాక దేశమంతా వ్యాపించింది. చాలా ఏళ్ళపాటు పళ్ళెం 100 యెన్లే ఉండేది. 2022లో పెద్ద గొలుసు హోటళ్ళలో ఆ రేటు పెరిగింది. 2023 మొదట్లో ఎవరో కుర్రవాడు సోయా సాసు సీసా మూతి నాకుతూ తీసిన వీడియో పాకిపోయాక, చాలా చోట్ల పళ్ళేలు ఊరికే తిప్పడం మానేశారు. తెర మీద నొక్కితే మనం అడిగిందే మన ముందుకొచ్చి ఆగుతుంది.

ఇక మన అన్నలు బెంగపడిన విషయం, తినే పద్ధతి. సుషిని చేత్తో తినవచ్చు. పుల్లలతోనే తినాలన్న నియమం ఏమీ లేదు. బండి దగ్గర నిలబడి తిన్న కాలం నుంచీ చేత్తో తినడం ఉంది, ఇప్పటికీ ఖరీదైన కొట్లలో కూడా చేత్తో తినేవాళ్ళు ఉన్నారు. బొటనవేలు, రెండు వేళ్ళు, ముద్ద తిప్పి చేప వైపు కాస్త సోయా సాసులో అద్ది నోట్లో వేసుకోవడమే. అన్నం వైపు అద్దితే విడిపోతుంది. చేత్తో అన్నం తినడం మనకు ఎవరు నేర్పాలి? అన్నం గిన్నె చేతిలోకి ఎత్తుకుని నోటి దగ్గర పెట్టుకుని తింటారక్కడ, బల్ల మీద పెట్టి వంగి తినడమే బాగోదంటారు. రామెన్, సోబా లాంటివి జుర్రుమని చప్పుడు చేస్తూ తింటారు, ఎవరూ తల తిప్పి చూడరు. చేత్తో తింటారు, గిన్నె ఎత్తి తాగుతారు, చప్పుడు చేస్తారు అని మనల్ని ఏయే మాటలకు అనాగరికులన్నారో, ఆ మూడూ అక్కడ మర్యాదలో భాగం. అంటే ఏమిటి? మర్యాద అనేది ఆకాశం నుంచి ఊడిపడలేదు, ఎవరి ఊరి మర్యాద వారిది. ఇంగ్లీషువాడి కత్తీ ఫోర్కు కూడా ఒక ఊరి పద్ధతే.

చేయకూడనివీ ఉన్నాయనుకోండి. పుల్లల్ని అన్నంలో నిలువుగా గుచ్చకూడదు, చనిపోయినవారికి పెట్టే అన్నంలో అలా గుచ్చుతారు. ఒకరి పుల్లల నుంచి ఇంకొకరి పుల్లలకు ముక్క అందించకూడదు, దహనం తర్వాత ఎముకలు ఏరేటప్పుడు అలా చేస్తారు. చావుకు సంబంధించిన పద్ధతులు తిండి దగ్గర వద్దనడం మనకు అర్థం కాని విషయమా! ఒక్కసారి చెబితే చాలు, ఎవరైనా గుర్తుపెట్టుకుంటారు. దానికోసం పిల్లల్ని బస్సు ఎక్కించి హైదరాబాదు తీసుకెళ్ళనక్కర్లేదు.

రామెన్ గురించి ఎంత చెప్పినా మాకు తనివి తీరదు. ఎందుకంటే అక్కడి చలిలో, ఓవర్‌టైము చేసి రాత్రి పదకొండింటికి ఆఫీసు నుంచి బయటపడ్డ రోజుల్లో మమ్మల్ని కాపాడింది అదే. ఇది చైనా నుంచి వచ్చిన తిండి. 1910లో టోక్యో అసాకుసాలో రైరైకెన్ అనే కొట్టు తెరిచి, యొకొహామా చైనా పేట నుంచి వంటవాళ్ళను తెచ్చుకుని పెట్టారు. జనం ఎగబడ్డారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జపాన్‌లో బియ్యం దొరకలేదు. అమెరికా నుంచి గోధుమపిండి వచ్చింది. చైనా నుంచి తిరిగొచ్చినవాళ్ళు, ఉద్యోగాలు పోయినవాళ్ళు బ్లాక్ మార్కెట్ల పక్కన బండ్లు పెట్టుకుని ఈ సేమ్యా సూపు అమ్మి బతికారు. ఒసాకాలో అలాంటి బండి ముందు చలిలో నిలబడ్డ వరుసను చూశాననీ, అక్కడే ఆలోచన మొలకెత్తిందనీ మొమొఫుకు ఆందో చెప్పుకున్నాడు. తైవాన్‌లో పుట్టిన ఆయనే 1958లో వేడినీళ్ళు పోస్తే తయారయ్యే నూడుల్స్ కనిపెట్టాడు. మన హాస్టలు ట్రంకు పెట్టెల్లో వార్డెన్ గారి కంట పడకుండా దాచుకున్న నూడుల్స్ పొట్లం మూలం అక్కడుంది. కాబట్టి రామెన్ మనం ఎన్నడూ ఎరగనిదేమీ కాదు. కాకపోతే మనం దాన్ని బకెట్లో హీటరు పెట్టి కాచిన నీళ్ళతో తిన్నాం.

అసలు రామెన్‌కు ఆ పొట్లానికీ ఉన్న తేడా మాత్రం పాయాకూ బజారులో దొరికే సూపు పొడికీ ఉన్నంత. పంది ఎముకలు గంటలకొద్దీ మరగబెట్టి, మూలుగంతా దిగి, చారు పాలలా తెల్లబడేదాకా కాస్తే అది తొన్కొత్సు. దక్షిణాన క్యూషూ దీవిది. ఉత్తరాన సప్పోరో చలికి మిసో వేసి చేస్తారు. సోయా సాసుతో చేసేది, ఉప్పుతో చేసేది వేరే. సేమ్యాలో క్షారం ఉన్న నీళ్ళు కలుపుతారు, ఆ పసుపు రంగు, సాగే గుణం దానివల్లే వస్తాయి. పైన పంది మాంసం ముక్కలు, ఉడకబెట్టిన గుడ్డు, ఉల్లికాడలు, వెదురు మొలకలు. ఫుకువోకాలో నాగహామా చేపల మార్కెట్ పనివాళ్ళకు తీరిక ఉండదు కాబట్టి తొందరగా ఉడికే సన్న సేమ్యా వేశారు. సన్నది చారులో నానిపోతుంది కాబట్టి మొదట కొంచెమే వేసి, "కాయెదామా" అని అడిగితే మళ్ళీ వేసే పద్ధతి పెట్టారు. ఇంకో గరిటె అడిగితే మొహం చిట్లించని చోటు! మెస్సులో రెండోసారి కూర అడిగిన అనుభవం ఉన్న ఎవరికైనా ఆ మాట విలువ తెలుస్తుంది.

ఇలాంటి కొట్లలో చాలావాటికి గుమ్మం పక్కన టికెట్ల మిషను ఉంటుంది. బొమ్మ చూసి, డబ్బు వేసి, మీట నొక్కితే చీటీ వస్తుంది. చీటీ కౌంటరు మీద పెట్టి స్టూలు మీద కూర్చోవడమే. మంచినీళ్ళు ఉచితం. టిప్పు అన్నది లేదు, ఇచ్చినా తీసుకోరు. బయట అద్దాల బీరువాలో ప్రతి వంటకానికీ మైనంతోనో ప్లాస్టిక్కుతోనో చేసిన నమూనా, పక్కన రేటు. భాష రాకపోయినా వేలు చూపిస్తే చాలు. లోపలికి వెళ్ళాక రేటు తెలిసి గుండె ఆగే పని లేదు. 2024 అక్టోబరులో టోక్యోలో గంటకు కనీస వేతనం 1,163 యెన్లుగా నిర్ణయించారు. మామూలు కొట్లో రామెన్ గిన్నె వెయ్యి యెన్లకు అటూ ఇటూ ఉంటుంది. అంటే ఊడ్చే పని చేసే మనిషి కూడా గంట కష్టంతో కడుపునిండా వేడిగా తినగలడు. మా పక్క స్టూలు మీద సూటు వేసుకున్న మేనేజరు, అటు పక్క సిమెంటు అంటిన చొక్కాతో రోడ్డు పనివాడు కూర్చుని అదే గిన్నె తినడం మేము ఎన్నోసార్లు చూశాం. నువ్వెవరు, ఏ ఊరు, మీ నాన్న ఏం చేస్తాడు అని ఎవరూ అడగలేదు. మాకు నచ్చింది చారు రుచి ఒక్కటే కాదు.

అట్లాగని జపాన్‌ను స్వర్గంలా చూపించడం మా ఉద్దేశం కాదు. ఒకటి రెండు చిన్న కొట్లలో మమ్మల్ని చూడగానే రెండు చేతులూ కత్తెరలా అడ్డం పెట్టి చూపించారు, రావద్దని. గింజాలో పది మంది కూర్చునే కౌంటరులో ముప్పై వేల యెన్లు దాటే సుషీ ఉంది, దానికి తెలిసినవాళ్ళ సిఫారసు కావాలి. అంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది. అది మన హాస్టలు పిల్లలకు తప్పక తెలియాలి.

జపాన్‌లో కూడా అంటరానివాళ్ళు ఉన్నారు. పశువుల్ని కోసేవాళ్ళు, తోలు పని చేసేవాళ్ళు, శవాల పని చేసేవాళ్ళను అపవిత్రులని ఊరికి దూరంగా పెట్టారు. క్రీ.శ. 675లోనే తెమ్ము చక్రవర్తి ఆవు, గుర్రం, కుక్క, కోతి, కోడి మాంసాలు తినడాన్ని నిషేధించాడు. తర్వాత వందల ఏళ్ళు మాంసం పని చేసేవాళ్ళ మీద మైల ముద్ర అలాగే ఉండిపోయింది. 1871లో ఆ హీన హోదాలు రద్దు చేస్తూ ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. మరుసటి ఏడాది, 1872లో, మెయ్‌జీ చక్రవర్తి స్వయంగా గొడ్డుమాంసం తిన్నాడు. రాజు తిన్నాడు కాబట్టి తిండికి గౌరవం వచ్చింది. కోసేవాడికి రాలేదు. 1922 మార్చి 3న క్యోటోలో ఆ జనమే కూడి సుయ్‌హేషా అనే సంఘం పెట్టుకున్నారు, సమానత్వం కోసం. 1975లో వాళ్ళ పేటల పేర్లన్నీ అచ్చేసిన పుస్తకాలను కంపెనీలు రహస్యంగా కొని, ఉద్యోగాలివ్వకుండా వాడుకుంటున్న సంగతి బయటపడింది. 2016 డిసెంబరులో కూడా ఈ వివక్ష పోవాలని ఒక చట్టం చేయాల్సి వచ్చిందంటే అర్థం చేసుకోండి. టోక్యో షిబావురా మాంసం మార్కెట్లో ఒక సమాచార కేంద్రం ఉంది. అక్కడి పనివాళ్ళను తిడుతూ వచ్చిన ఉత్తరాలను అక్కడ ప్రదర్శనకు పెట్టారు. నగరమంతా వాళ్ళు కోసిన మాంసమే తింటుంది, ఉత్తరాలు మాత్రం వాళ్ళకు రాస్తుంది.

ఆ పేటల్లో పేగుల్ని వాటి కొవ్వులోనే వేయించి దాచుకునే అబురాకాసు ఉంది, మాంసం ఎండబెట్టుకునే సైబోషి ఉంది. మన అమ్మమ్మలు దండెం మీద ఆరేసిన ఎండు తునకలు గుర్తొస్తున్నాయా? పారేసిన భాగాల్లోంచి తిండి చేసుకున్న జనం అక్కడా ఇక్కడా ఒకే ఉపాయం కనిపెట్టారు. ఇప్పుడు ఒసాకాలో ఆ అబురాకాసు వేసిన ఉదోన్ అందరూ తింటారు. సుషి తినిపించి ఈ కథ చెప్పకపోతే పిల్లలకు సగమే చెప్పినట్టు.

మన దేశానికీ అక్కడి హోటళ్ళకూ ఒక చుట్టరికం కూడా ఉంది. బ్రిటిషువారి నుంచి తప్పించుకుని 1915లో జపాన్ చేరిన రాస్ బిహారీ బోస్‌కు షింజుకులోని నకమురాయా అనే రొట్టెల కొట్టు కుటుంబం ఆశ్రయమిచ్చింది, పిల్లనిచ్చింది. 1927లో ఆ కొట్లోనే ఆయన నేర్పిన మన కోడికూర అమ్మడం మొదలుపెట్టారు. అక్కడ ఇప్పటికీ దొరుకుతుంది. ధర మాత్రం మా జేబుకు కొంచెం బరువే.

ఇక హోటళ్ళు పక్కన పెట్టి, జపాన్‌లో తిండి విషయంలో మాకు అన్నింటికన్నా అసూయ కలిగించినది చెబుతాం. బడి భోజనం. 1889లో యమగతా ప్రాంతం త్సురువోకాలో, ఒక గుడిలో నడిచే బడికి వచ్చే పేద పిల్లలు మధ్యాహ్నం తెచ్చుకోవడానికి ఏమీ లేదని, అన్నం ముద్దలు, కాల్చిన చేప, ఊరగాయ పెట్టారు. దానితో మొదలు. 1954లో దానికి చట్టం వచ్చింది. ఇప్పుడు పిల్లలే వంతుల వారీగా తెల్ల ఏప్రాన్లు, టోపీలు వేసుకుని తోటి పిల్లలకు వడ్డిస్తారు. పేదవాడి బిడ్డ, ఉన్నవాడి బిడ్డ తేడా లేదు. పంతులమ్మ అదే గదిలో అదే అన్నం తింటుంది. పిల్లలకు పెట్టే ముందు హెడ్‌మాస్టరు తిని చూసి, బాగుందని రాస్తేనే కదులుతుంది. మన హాస్టళ్ళలో కూడా వార్డెన్ రుచి చూడాలన్న నియమం కాగితం మీద ఉందని మనకు తెలుసు. ఎన్ని చోట్ల, ఎన్ని రోజులు జరుగుతుందో కూడా మనకు తెలుసు.

అందుకే మా అభిప్రాయం ఇది. ఏటా పిల్లల్ని హైదరాబాదు తీసుకెళ్ళి ఒక్కపూట సుషి పెట్టించే డబ్బుతో మన భోజనాల హాలుకు బల్లలు, బెంచీలు వేయిద్దాం. చేతులు కడుక్కునే చోట నాలుగు కుళాయిలు అదనంగా పెట్టిద్దాం. గుమ్మం దగ్గర బోర్డు మీద ఆ రోజు ఏం వండారో, తలకు ఎన్ని గ్రాముల లెక్కో పెద్దక్షరాలతో రాయిద్దాం, ఆ అద్దాల బీరువాలో నమూనాలు పెట్టినట్టు. నెలకోసారి పూర్వ విద్యార్థులు ఇద్దరు ముగ్గురు చెప్పకుండా వచ్చి, వరుసలో నిలబడి, పిల్లలు తినేదే తిని, రుచి పుస్తకంలో సంతకం చేద్దాం. వార్డెన్ గారూ కూర్చోవాలి, వండిన అమ్మ కూడా అదే బల్ల దగ్గర కూర్చోవాలి. స్టార్ హోటలు యాత్ర కన్నా ఇది కష్టం, ఎందుకంటే ఇందులో మనం రావాలి. చందా పంపి ఊరుకుంటే కుదరదు.

"అయితే పిల్లలు ప్రపంచం చూడొద్దా?" అని ఆ అన్నలు అడుగుతారు. చూడాలి. తెలంగాణలో టామ్‌కామ్ సంస్థ నర్సింగ్ చదివినవాళ్ళకు జపనీస్ నేర్పి అక్కడ ఉద్యోగాలకు పంపుతోంది. మన హాస్టలు చెల్లెళ్ళు రేపు అక్కడ ఏదో ఊళ్ళో ఆస్పత్రి డ్యూటీ దిగి ఆకలితో వీధిలో నిలబడతారు. వాళ్ళకు కావలసింది కత్తీ ఫోర్కు కాదు, ఈ నాలుగు ముక్కలు: "బుతా" అంటే పంది, "గ్యూ" అంటే ఆవు, "తోరి" అంటే కోడి, "సకానా" అంటే చేప. శాకాహారం అనుకున్న చారులో కూడా ఎండుచేప రసం ఉంటుంది, తినని వారు ముందే అడగాలి. సారా కొట్టు లాంటి ఇజకాయాలో అడగకుండానే చిన్న గిన్నెలో ఏదో తెచ్చి పెడతారు, అది ఉచితం కాదు, బిల్లులో వేస్తారు, కంగారు పడొద్దు. తినే ముందు "ఇతాదాకిమాసు", లేచేటప్పుడు "గొచిసోసమా" అంటే వండినాయన కౌంటరు వెనక నుంచి తల వంచుతాడు. జీతం వచ్చేదాకా గొడ్డుమాంసం అన్నం, గ్యూదోన్, అన్నింటికన్నా చవక. 1899లో నిహొన్‌బాషి చేపల మార్కెట్ మోతగాళ్ళ కోసం మొదలైన కొట్టు ఈనాటికీ దాన్ని అమ్ముతోంది.

పిల్లలకు సుషి రుచి చూపించాలనే పట్టుదల ఉంటే అదీ ఇక్కడే చేద్దాం, మన వంటశాలలో, మన వంటమ్మ చేతుల మీదుగా. సుషి అన్నం ముద్దగా, జిగటగా ఉండాలి. కొత్త బియ్యం అన్నం ముద్దయిపోయిందని మెస్సులో మనమంతా గొణిగిన రోజులున్నాయి చూడండి, సరిగ్గా ఆ అన్నమే కావాలి. పచ్చి చేప మాత్రం వద్దు. అక్కడ పురుగులు చావడానికి సున్నాకు దిగువన 20 డిగ్రీల చలిలో 24 గంటలు పైగా పెట్టిన చేప ఉంటుంది, మన చెరువు చేపతో ఆ ఆటలు ఆడకూడదు. కీరదోస ముక్కలు, చక్కెర వేసిన ఆమ్లెట్టు చాలు, జపాన్‌లో పిల్లలు ఇష్టంగా తినేవి అవే. సముద్రపు నాచు ఆకులు ఆన్‌లైన్‌లో తెప్పించే బాధ్యత మాది, వెనిగరు ఖర్చు కూడా మాదే. సంక్రాంతి సెలవులు అయ్యాక, కొత్త బియ్యం దిగిన మొదటి ఆదివారం మేము నలుగురం వస్తాం. చుట్టడం పిల్లలకు నేర్పుతాం. రావాలనుకున్న పూర్వ విద్యార్థులు వారం ముందు వార్డెన్ గారికి పేరు చెబితే ఎన్ని కిలోలు నానబెట్టాలో తెలుస్తుంది.